మన నేలక్రింది వాయువు : దాని వెల, దాని వినియోగము

గోదావరీ కృష్ణానదులు సముద్రమును చేరుచోట నేలక్రిందను, ఆ తీరమునకు వెలుపల సముద్రగర్భమునను సహజవాయువు కలదని మన పాఠశాల విద్యార్థులలో పెక్కుమంది యెఱుగుదురు. కాని యది యేమి పదార్థము, దానిని దేనితో కొలుతురు, దాని వెల నెవరు నిర్ణయింతురు, ఆ వెల హెచ్చినపుడు మన వంటయింటికిని మన యూరి కర్మాగారమునకును ఏమి సంభవించును అను ప్రశ్నలకు సమాధానము చెప్పగలవారు తఱుచుగా కానరారు. బియ్యము వెలయు, కిరాణా సరకుల వెలయు తల్లిదండ్రులు మాటలాడుకొనుచుండగా పిల్లలు విని తెలిసికొందురు. వాయువు కంటికి కనబడదు, తక్కెడలో తూగదు, దాని వెల డాలర్లలో నిర్ణయింపబడి రూపాయలలో చెల్లింపబడును. అందుచేత దానిని గుఱించి యొక పాఠమువలె క్రమముగా వ్రాయుట మంచిదని తలంచితిమి. పై తరగతుల విద్యార్థులు ఇందలి లెక్కలను కాగితముపై తాము స్వయముగా చేసి చూచుకొనవలెనని మా కోరిక. తలిదండ్రులు కడపటి రెండు భాగములనైనను చదువవలెనని ప్రార్థించుచున్నాము.

1. సహజవాయువనగా నేమి?

సహజవాయువులో ముఖ్యభాగము మీథేను. ఒక కర్బన పరమాణువును నాలుగు ఉదజని పరమాణువులును కలియగా నేర్పడు వాయువిది. 1776లో ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడగు అలెస్సాండ్రో వోల్టా మజ్జోరె సరస్సు అంచున బురదను కఱ్ఱతో కదలింపగా పైకి వచ్చిన బుడగలను పట్టి, అవి మండుటను పరీక్షించి చూచెను. మన వరిచేల బురదలో పుట్టునదియు, పేడగుంతలనుండి వచ్చు గోబరు వాయువులో నుండునదియు ఈ మీథేనే. జీవపదార్థము గాలి సోకని చోట క్రుళ్లినయెడల ఈ వాయువు పుట్టును. కోట్లకొలది సంవత్సరములు నదులు తెచ్చిన ఒండ్రు పొరలు పొరలుగా పడి, వానిక్రింద చిక్కుకొన్న జీవపదార్థము భూమిలోని వేడికిని ఒత్తిడికిని మాఱి, వాయువై, సచ్ఛిద్రములగు ఇసుకరాళ్లలో నిలిచియున్నది. దానిపైన గట్టిరాయి మూతవలె నుండుటచేత నది పైకి పోజాలదు. ఆ మూతకు రంధ్రము చేయుటయే బావి త్రవ్వుట.

సహజవాయువునకు రంగు లేదు, వాసన లేదు. అది గాలికంటె తేలిక; గాలి బరువులో సగముకంటె కొంచె మెక్కువ మాత్రమే యుండును. సిలిండర్లలో మనయిండ్లకు వచ్చు ఎల్.పి.జి. వేఱు పదార్థము. అది ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమము, ఒత్తిడిచేత ద్రవముగా మార్చి నింపబడును, గాలికంటె బరువు. ఈ రెండును ఒకటేయని పలువురు భ్రమపడుదురు. వంటకు రెండును పనికివచ్చును గాని, స్వభావములు వేఱగుటచేత స్టవ్వులోని వాయురంధ్రముల కొలతయు వేఱుగా నుండవలెను. ఒకదానికి చేసిన స్టవ్వును మార్పు చేయక రెండవదానికి వాడరాదు.

ఒక ఘనమీటరు మీథేను పూర్తిగా మండుటకు రెండు ఘనమీటర్ల ఆమ్లజని కావలెను. గాలిలో ఆమ్లజని సుమారు అయిదవవంతు గనుక, పది ఘనమీటర్ల గాలి కావలెనన్నమాట. అంత గాలి దొరకినపుడు జ్వాల నీలముగా నుండి, బొగ్గుపులుసు గాలియు నీటియావిరియు మాత్రమే పుట్టును. గాలి చాలనియెడల జ్వాల పసుపువన్నెకు తిరిగి, కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. కిటికీలు మూసిన వంటగది అపాయకరమని చెప్పుటకు ఇది కారణము.

2. మన తీరమున వాయువు బయల్పడిన చరిత్ర

గత శతాబ్దపు చివరి పాదమున ప్రభుత్వరంగ సంస్థయగు ఓ.ఎన్.జి.సి. గోదావరి పాయల నడుమనున్న కోనసీమలోను, నర్సాపురము ప్రాంతమునను బావులు త్రవ్వి వాయువును కనుగొనెను. తాటిపాక ఆ వాయువును పోగుచేయు ముఖ్యస్థానమాయెను. అక్కడినుండి గొట్టములద్వారా కొండపల్లి మొదలగు తావులందలి విద్యుత్కేంద్రములకు వాయువు సాగెను. కాకినాడలో నాగార్జున ఎరువుల కర్మాగారము 1992లో ఈ వాయువునే ముడిసరకుగా గొని యూరియా చేయ నారంభించెను.

ఈ సంపదతోపాటు భయమును వచ్చినది. 1995 జనవరి 8వ తేదీన పాసర్లపూడియొద్ద త్రవ్వుచున్న బావినుండి వాయువు అదుపుతప్పి పైకెగసి అంటుకొనెను. ఆ మంట 65 దినములు మండి, మార్చి 15న ఆరిపోయెను. చుట్టుపట్ల గ్రామస్థులు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. ఆ కాలమున కోనసీమలో బాలురై యుండినవారు నేటికిని ఆ మంటను గుఱించి చెప్పుదురు.

2002లో రిలయన్సు సంస్థ కాకినాడ తీరమునకు వెలుపల లోతైన సముద్రగర్భమున గొప్ప వాయునిక్షేపమును కనుగొనెను. దానికి కె.జి.-డి6 అని పేరు. 2009 ఏప్రిలులో అక్కడినుండి వాయువు గాడిమొగయొద్ద తీరమును చేరెను. కాకినాడనుండి తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రములమీదుగా గుజరాతులోని భరూచి వఱకు సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టము వేయబడెను. 2010లో దినమునకు సుమారు 6 కోట్ల ఘనమీటర్ల వాయువు వచ్చెను. ఈ వాయువు నిలుచునను నమ్మకముతో వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి, సామర్లకోట మొదలగు చోట్ల పెద్ద విద్యుద్యంత్రములు స్థాపింపబడినవి. కాని 2013 నాటికి ఆ రాబడి నాలుగవవంతునకు దిగజాఱెను. కోట్ల రూపాయల అప్పుతో కట్టిన యంత్రములు వాయువు లేక ఊరకుండవలసివచ్చెను. ఒకడు గోపురము కట్టగోరి, ముందుగా కూర్చుండి దాని వ్యయమును లెక్కింపక పునాది మాత్రము వేసి నిలిచిపోయినయెడల చూచువారు నవ్వుదురని మన ప్రభువు చెప్పిన ఉపమానమును విద్యార్థులెఱుగుదురు. పరిశ్రమలకును ఆ లెక్క తప్పదు. తరువాత అదే సముద్రక్షేత్రములో క్రొత్త బావులనుండి 2020 డిసెంబరులోను, 2021, 2023 సంవత్సరములలోను మరల ఉత్పత్తి మొదలాయెను.

ఈ వాయువు ఎవరి సొత్తు అను ప్రశ్న సుప్రీముకోర్టు వఱకు పోయెను. ఇరువురన్నదమ్ముల సంస్థల నడుమ వాయువు వెలను గూర్చి పుట్టిన వివాదములో 2010 మే 7వ తేదీన తీర్పు చెప్పుచు, నేలలోని సహజసంపద ప్రజలది, ప్రభుత్వము ప్రజల పక్షమున దానికి ధర్మకర్త, దాని వెలను వినియోగమును నిర్ణయించు అధికారము ప్రభుత్వమునకు కలదు అను సారాంశమును న్యాయస్థానము వెల్లడించెను. కావున వాయువు వెల ఇరువురు వర్తకుల బేరము మాత్రము కాదు. అది మనందఱి విషయము.

3. కొలతలు

వాయువు వెలను తెలిసికొనుటకు ముందు కొలతలు తెలియవలెను. ఇంటి మీటరు వాయువును ఘనమీటర్లలో కొలుచును. వాయువు వేడికి వ్యాకోచించును, ఒత్తిడికి కుదించుకొనును. కావున ఒక నిర్ణీతమైన వేడివద్ద, ఒత్తిడివద్ద ఉండు ఘనమీటరునే ప్రమాణముగా గ్రహింతురు. దీనిని ప్రామాణిక ఘనమీటరు అందురు.

బావియొద్ద వెల మాత్రము పరిమాణమునుబట్టి కాక, అది యిచ్చు వేడిమినిబట్టి కట్టబడును. ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీటు డిగ్రీ వేడిచేయుటకు కావలసిన ఉష్ణము ఒక బ్రిటిష్ ఉష్ణమానము. పది లక్షల ఉష్ణమానములకు ఇన్ని డాలర్లని వెల చెప్పుదురు. పది లక్షల ఉష్ణమానములు సుమారు 2,52,000 కిలోకేలరీలకు సమానము. ఒక ప్రామాణిక ఘనమీటరు సహజవాయువు సుమారు 9,500 కిలోకేలరీల వేడి నిచ్చుననుకొందము. 2,52,000ను 9,500తో భాగింపగా సుమారు 26½ వచ్చును. అనగా పది లక్షల ఉష్ణమానముల వాయువు మన మీటరులో సుమారు 26½ ఘనమీటర్లగును. ఈ యొక్క సంఖ్యను జ్ఞాపకముంచుకొన్నచో, వార్తాపత్రికలలోని డాలరు వెలను ఇంటి మీటరు లెక్కలోనికి మార్చుట సులభము.

4. వెల యెట్లేర్పడును?

2014 నవంబరునుండి మన దేశములో పుట్టు వాయువు వెలను అమెరికా, కెనడా, ఐరోపా, రష్యా దేశముల విపణులలోని వెలలనుబట్టి ఆరునెలల కొకమాఱు కట్టుచు వచ్చిరి. ఆ పద్ధతివలన మొదటి వెల పది లక్షల ఉష్ణమానములకు 5.05 డాలర్లు. కరోనా వ్యాధివలన లోకమంతట వ్యాపారములు కుంటుపడిన 2020 అక్టోబరులో అది 1.79 డాలర్లకు దిగెను. యుక్రేయిను యుద్ధము జరుగుచున్న 2022 అక్టోబరులో 8.57 డాలర్లకు ఎక్కెను. రెండేండ్లలో సుమారు అయిదురెట్లు! కోనసీమ బావులలో మార్పేమియు లేదు. అక్కడ పనిచేయువారి కూలి అయిదురెట్లు కాలేదు. ఐనను దూరదేశపు యుద్ధము మన మీటరును తాకెను.

ఈ యెగుడుదిగుడులను తగ్గించుటకై 2023 ఏప్రిలులో కిరీట్ పారిఖ్ సంఘపు సలహానుబట్టి క్రొత్త పద్ధతి వచ్చెను. మన దేశము కొను ముడిచమురు సగటు వెలలో పదవవంతు వాయువు వెలగా నిర్ణయింపబడెను. ప్రభుత్వరంగ సంస్థల పాత క్షేత్రములకు 4 డాలర్లకంటె తగ్గకుండ, 6.50 డాలర్లకంటె మించకుండ ఎల్లలు పెట్టిరి. ఆ పై యెల్ల రెండేండ్లు నిలిచి, అటుపిమ్మట ఏటేట పావు డాలరు పెరుగవలెనని ఏర్పాటు. ఆ ప్రకారము 2025 ఏప్రిలున అది 6.75 డాలర్లాయెను.

లోతైన సముద్రమునుండి తీయు వాయువునకు వేఱు ఎల్ల కలదు. నీటిక్రింద త్రవ్వుట మిక్కిలి వ్యయముతో కూడిన పనియగుటచేత దానికి హెచ్చు వెల అనుమతింపబడినది. 2022 అక్టోబరునుండి ఆరునెలలకు ఆ యెల్ల 12.46 డాలర్లుగా నుండెను. కావున ఒకే గోదావరీ ప్రాంతమునుండి, ఒకటి నేలనుండియు నొకటి సముద్రమునుండియు వచ్చిన రెండు వాయువులు ఒకే రీతిని మండినను వెలలో భేదించును.

ఇప్పుడొక లెక్క చేయుదము. 2023లో డాలరునకు సుమారు 82 రూపాయలు. 6.50ని 82తో గుణింపగా 533 రూపాయలు. దానిని 26½తో భాగింపగా ఘనమీటరునకు సుమారు 20 రూపాయలు. ఇది బావియొద్ద వెల. ఇంటికి వచ్చు బిల్లులో ఇంతకంటె చాల హెచ్చుగా నుండునేల యని అడుగవచ్చును. దారిపొడుగునను ఖర్చులు చేరుచుండును. మొదటిది పెద్దగొట్టములలో రవాణా రుసుము. దీనిని 2006 నాటి చట్టముచే నేర్పడిన పెట్రోలియము, సహజవాయు నియంత్రణ మండలి నిర్ణయించును. రెండవది పట్టణములో వీధివీధికి గొట్టములు వేసి, మీటర్లు పెట్టి, కాపాడు వ్యయము. మూడవది పన్ను, 2017లో జి.ఎస్.టి. వచ్చినపుడు సహజవాయువు దాని వెలుపల నుంచబడెను గనుక ఆయా రాష్ట్రములు తమ వ్యాట్ పన్నును వేయును. నాలుగవది దిగుమతి వాయువు పాలు. మన దేశపు వాయువు చాలనపుడు, విదేశమున మిక్కిలి చల్లార్చి ద్రవముగా మార్చి ఓడలలో తెచ్చిన వాయువును కలుపుదురు. దాని వెల హెచ్చు. అయిదవది పంచు సంస్థ లాభము. బిల్లు చేతికి వచ్చినపుడు ఈ యైదింటిలో ఏది పెరిగినదో విచారింపవలెను. వెల పెరిగినదని వగచుటకంటె, ఎచట పెరిగినదని అడుగుట ప్రయోజనకరము.

5. ఇంటి లెక్క

గొట్టపు వాయువు మేలా, సిలిండరు మేలా యని తల్లులు అడుగుచుందురు. ఒక కిలోగ్రాము ఎల్.పి.జి. సుమారు 11,900 కిలోకేలరీల వేడి నిచ్చును. ఇంటి సిలిండరులో 14.2 కిలోగ్రాములుండును. గుణింపగా సుమారు 1,69,000 కిలోకేలరీలు. దీనిని 9,500తో భాగింపగా 17.8. అనగా ఒక సిలిండరు సుమారు 18 ఘనమీటర్ల సహజవాయువునకు సమానము. ఇక పద్ధతి సులభము. మీ యూరిలో సిలిండరు వెల ఎంతయో దానిని 18తో భాగింపుడు. ఉదాహరణకు సిలిండరు 900 రూపాయలనుకొన్నచో 50 రూపాయలు వచ్చును. గొట్టపు వాయువు ఘనమీటరు వెల 50 రూపాయలకంటె తక్కువయైనచో గొట్టము లాభము. ఎక్కువయైనచో సిలిండరు లాభము. మొదట కట్టవలసిన ధరావతును, నెలనెల స్థిరరుసుము లేమైన నున్నయెడల వానిని, సిలిండరుపై ప్రభుత్వ సహాయధనము వచ్చు కుటుంబమైనచో దానిని గూడ లెక్కలో చేర్చవలెను.

వెలకాక వేఱు లాభనష్టములును కలవు. గొట్టపు వాయువు నడుమ అయిపోవుట యుండదు, బరువైన సిలిండరును మోయ నక్కఱలేదు, వాడినంతకే చెల్లింతుము. కాని గొట్టములు దగ్గఱదగ్గఱగా ఇండ్లున్న పట్టణములలోనే గిట్టుబాటగును. హైదరాబాదు, విజయవాడ, కాకినాడలలో 2003లో నేర్పడిన భాగ్యనగర్ గ్యాస్ సంస్థయు, ఉభయ గోదావరి మండలములలో గోదావరి గ్యాస్ సంస్థయు ఈ పనికి పూనుకొన్నవి. దూరదూరముగా విసరివేసినట్లున్న పల్లెలకు గొట్టము వేయుటకు వ్యయమెక్కువ. అందుచేత వాయువు ఏ పల్లెపొలముల క్రిందనుండి పోవునో ఆ పల్లెలోనే గొట్టపు పొయ్యి లేకపోవుట తటస్థించును. ఇది న్యాయమా యని మీరడుగుదురు. వ్యయమునుబట్టి చూచినచో కారణము తెలియును. కాని కారణము తెలిసినంతమాత్రమున ఆ యూరివారి బాధ తీరదు. సంపద పుట్టినచోటివారికి దానిలో తొలిపాలు చెందవలెనని అడుగుట దురాశ కాదు.

కట్టెలపొయ్యి యూదుచు పొగలో కన్నులు తుడుచుకొనిన తల్లుల సంఖ్య మన దేశమున కోట్లకొలది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపము అను పథకముద్వారా బీదస్త్రీలకు వంటవాయువు నిచ్చుట కారంభించెను. 2016లో కేంద్రప్రభుత్వము ఉజ్జ్వల పథకమును ప్రవేశపెట్టెను. పొయ్యి వచ్చుట మొదటి మెట్టు. దానిని నెలనెల వెలిగింపగల శక్తి రెండవ మెట్టు. వాయువు వెల హెచ్చినపుడు బీదకుటుంబము మరల కట్టెలకు పోవును. ఆ పొగ మొదట సోకునది తల్లికిని, ఆమె చంకలోని బిడ్డకును. వెల యను మాటలో ఇంత యిమిడియున్నది.

వాయువును పొదుపు చేయు మార్గములు కష్టమైనవి కావు. పప్పును ముందుగా నానబెట్టుట, గిన్నెపై మూతనుంచుట, కుక్కరు వాడుట, మరుగు వచ్చిన వెంటనే మంట తగ్గించుట, జ్వాల గిన్నె అడుగును దాటి ప్రక్కలకు పోకుండ చూచుట, స్టవ్వు రంధ్రములను శుభ్రముగా నుంచుట. మంట పసుపువన్నెగా నున్నచో వాయువు వృథాయగుచున్నదని గ్రహింపవలెను.

6. పరిశ్రమల లెక్క

పరిశ్రమలలో సహజవాయువునకు రెండు విధములైన ఉపయోగములు కలవు. ఒకటి ఇంధనము, రెండు ముడిసరకు. విద్యుత్కేంద్రములు, పింగాణీ పలకల బట్టీలు, గాజు కొలుములు దీనిని ఇంధనముగా వాడును. బొగ్గువలె బూడిద మిగులదు, మసి పడదు, మంటను కావలసినంత హెచ్చింపవచ్చును, తగ్గింపవచ్చును. అదే వేడికి బొగ్గుకంటె తక్కువ బొగ్గుపులుసు గాలిని విడుచును. కాని మీథేను మండక గాలిలో కలసినయెడల భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు గాలికంటె చాల బలమైనది. కావున కారుటను అరికట్టుట మర్యాదకు కాదు, అవసరమునకు.

ఎరువుల కర్మాగారములలో వాయువు ముడిసరకు. దానినుండి ఉదజనిని తీసి, గాలిలోని నత్రజనితో కలిపి అమ్మోనియాను, దానినుండి యూరియాను చేయుదురు. తెలంగాణములోని రామగుండమున 1980లో బొగ్గును ఆధారముగా చేసికొని నడచిన పాత కర్మాగారము 1999లో మూతపడెను. అక్కడనే వాయువును వాడు క్రొత్త కర్మాగారము ఏటికి 12.7 లక్షల టన్నుల యూరియా చేయగల శక్తితో 2021లో పని నారంభించెను. దానికి వాయువు కాకినాడ సమీపమునందలి మల్లవరమునుండి బయలుదేరు గొట్టముద్వారా వచ్చును. గోదావరి యెగువనున్న పొలములకు ఎరువు, దిగువనుండి వచ్చు వాయువుతో తయారగుచున్నదన్నమాట. రైతు కొను 45 కిలోల యూరియా బస్తాకు 2018లో ప్రభుత్వము కట్టిన వెల, వేపపూతయు పన్నులును కాక, 242 రూపాయలు. వాయువు వెల పెరిగినను రైతు చెల్లించు వెలను పెంచనియెడల ఆ తేడాను ప్రభుత్వ బొక్కసము భరింపవలెను. బొక్కసములోని ధనము మనము కట్టు పన్నులే. కావున పెరిగిన వెల యెచటికిని మాయమైపోదు. ఒకరు కాకున్న ఒకరు దానిని మోయుదురు.

వెల పెరిగినపుడు పరిశ్రమలు ఏమి చేయునో గుజరాతులోని మోర్బీ పట్టణము చక్కగా తెలుపును. అది పింగాణీ పలకలకు ప్రసిద్ధి. అక్కడి కర్మాగారములు బొగ్గునుండి వాయువును తీసి వాడుచు గాలిని నీటిని కలుషితము చేయుచుండగా, 2019లో జాతీయ హరిత న్యాయస్థానము ఆ పద్ధతిని మాన్పించెను. అందఱును సహజవాయువునకు మారిరి. కాని 2022లో వాయువు వెల విపరీతముగా పెరుగగా, పెక్కు కర్మాగారములు ప్రొపేనును కొన నారంభించినవి. శుభ్రమైన ఇంధనము కావలెనని ఆజ్ఞాపించుట యొకటి. అది అందుబాటు వెలకు దొరకునట్లు చేయుట మఱియొకటి. రెండును కలిసియుండవలెను.

ప్రభుత్వము చౌకయగు దేశీయ వాయువును పంచుటలో ఇండ్లకును, వాహనములలో వాడు సి.ఎన్.జి.కిని మొదటి స్థానమిచ్చినది. ఇతర పరిశ్రమలు తఱుచుగా హెచ్చువెల వాయువును కొనవలసియుండును. ఇది సరియేనా? తల్లి పక్షమున ఆలోచించినచో సరి. కర్మాగారములో కూలిచేయు తండ్రి పక్షమున ఆలోచించినచో, వెల భరింపలేక ఆ కర్మాగారము మూతపడినయెడల ఇంటిలో పొయ్యి యుండియు వండుటకు బియ్యముండవు. ఈ ప్రశ్నకు ఒక్కమాటలో సమాధానము లేదు. మా విద్యార్థులు పెద్దవారై ఇట్టి విషయములను నిర్ణయించు స్థానములకు వచ్చినపుడు ఇరుపక్షములను చూడ నేర్చియుండవలెనని యీ ప్రశ్నను వారియెదుట పెట్టుచున్నాము.

7. వెలలో కనబడని వెల

2014 జూన్ 27వ తేదీ తెల్లవాఱుజామున, అప్పటి తూర్పుగోదావరి జిల్లా మామిడికుదురు మండలములోని నగరము గ్రామమున, తాటిపాకనుండి కొండపల్లికి పోవు గెయిల్ సంస్థవారి గొట్టమునుండి వాయువు వెలువడి అంటుకొనెను. నిద్రలో నున్నవారును, అప్పుడే లేచినవారును మంటలలో చిక్కిరి. ఇరువదిమందికి పైగా మరణించిరి. ఇండ్లు, కొబ్బరితోటలు, పశువులు, పక్షులు దగ్ధమాయెను. తేమ లేని వాయువును మాత్రమే పంపవలసిన గొట్టములో తేమయు ద్రవములును చేరి, లోపలివైపున ఇనుము తినివేయబడెనని విచారణలో తేలెను. వాయువు వాసన వచ్చుచున్నదని గ్రామస్థులు మునుపే మొఱపెట్టిరని ఆనాటి పత్రికలు వ్రాసినవి. గొట్టము ఆగినందున విద్యుత్కేంద్రములును, కాకినాడ ఎరువుల కర్మాగారమును వాయువు లేక నిలిచినవి.

గొట్టమును శుభ్రపఱచుట, పరీక్షించుట, పాతబడినపుడు మార్చుట వ్యయముతో కూడిన పనులు. ఈ వ్యయమును వాయువు వెలలో చేర్చనియెడల వెల తక్కువగా కనబడును. కాని ఆ తక్కువైన భాగమును గొట్టముప్రక్కన నివసించువారు తమ ప్రాణములతో చెల్లింతురు. చౌక యనునది ఎవరికి చౌక యని విచారింపవలెను. ఎడ్లబండి నడుపువాడు ఇరుసును, చక్రమును చూచుకొనకుండ మిగిల్చిన కాసు లాభము కాదు.

ఇంటిలో పాటింపవలసిన విధులను గూడ చెప్పుదుము. సహజవాయువునకు స్వతస్సిద్ధముగా వాసన లేదు. పట్టణములలో పంచుటకు ముందు దుర్గంధముగల మెర్కాప్టాను అను పదార్థమును స్వల్పముగా కలుపుదురు. గాలిలో వాయువు నూటికి 5 పాళ్లనుండి 15 పాళ్ల వఱకు ఉన్నపుడు నిప్పురవ్వ సోకినచో ప్రేలును. కావున వాసన తగిలిన వెంటనే మీటరువద్దనున్న కవాటమును మూయవలెను. తలుపులు కిటికీలు తెఱువవలెను. దీపపు మీటలను వేయరాదు, తీయరాదు; అగ్గిపుల్ల గీయరాదు. అందఱును వెలుపలికి వచ్చి, దూరమునుండి సంస్థవారికి ఫోను చేయవలెను. సహజవాయువు పైకప్పు క్రింద చేరును గనుక పైనున్న గవాక్షము ముఖ్యము; ఎల్.పి.జి. నేలవెంట ప్రాకును గనుక క్రిందినుండి గాలి పోవుమార్గము ముఖ్యము. పొలములలో పసుపువన్నె హెచ్చరికరాళ్లు కనబడినచోట గొట్టము కలదని తెలిసికొని అచట త్రవ్వరాదు, చెత్త కాల్చరాదు. మొఱపెట్టినను వినువారు లేనియెడల పంచాయతికి, తహసీలుదారునకు, కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెను. వ్రాయ నేర్చినవాడు ఊరికి చేయగల సేవలలో ఇది యొకటి.

8. అభ్యాసము

(1) పది లక్షల ఉష్ణమానములకు 6.75 డాలర్లు, డాలరునకు 85 రూపాయలు అనుకొని, ఘనమీటరు వాయువు బావియొద్ద వెలను కట్టుడు.

(2) మీ యింట సిలిండరు ఎన్ని దినములు వచ్చునో వ్రాసికొని, మీ కుటుంబము నెలకు ఎన్ని ఘనమీటర్ల సహజవాయువునకు సమానమైన ఇంధనము వాడుచున్నదో లెక్కింపుడు.

(3) 1.79 డాలర్ల వెలవద్దను, 8.57 డాలర్ల వెలవద్దను ఒకే డాలరు మారకము తీసికొని, ఘనమీటరు వెలలోని భేదమును కనుగొనుడు. ఆ భేదమును ఎవరెవరు భరింతురో అయిదు వాక్యములలో వ్రాయుడు.

(4) మీ వంటగదిలో గాలి వచ్చుమార్గములను, పోవుమార్గములను చిత్రించి, మీ తల్లిగారికి చూపి వివరింపుడు.

నేలలోని వాయువు మనము చేసినది కాదు. కోట్లయేండ్ల పర్యంతము దేవుడు దాచియుంచిన నిధి. తీసినకొలది తఱుగును, మరల నిండదు. తన యజమానుడు తిరిగివచ్చి లెక్క యడుగునని యెఱిగిన నమ్మకమైన దాసునివలె దానిని వాడుట మన విధి. ఆ లెక్కలో ఎన్ని ఘనమీటర్లు మండించితిమన్నది యొక పద్దు మాత్రమే. ఎవరి పొయ్యి వెలిగినది, ఎవరి పొలము పండినది, ఎవరి యిల్లు కాలినది అనునవియు ఆ లెక్కలోని పద్దులే. మా విద్యార్థులు ఈ మూడు పద్దులను మఱువక బిల్లును చదువ నేర్తురని ఆశించుచున్నాము.